గోడ అవతలి కరెంటు

పోయిన వారం టైలరమ్మను మనం మెయిన్ బోర్డు ముందు, చేతిలో టార్చిలైటుతో, నోరు తెరుచుకుని నిలబడిన చోట వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించాలని ఆవిడ తలపెట్టడం, పాత చెక్క బోర్డూ పింగాణీ ఫ్యూజులూ ఆ బరువు మొయ్యలేవు గనక ముందు బోర్డు మార్చాల్సిందేనని కరెంటు మేస్త్రి తేల్చెయ్యడం, లారీ తోలుకుంటూ దూరాలు పోయిన మొగుడు ఫోన్లోనే "నీ ఇష్టం" అని చేతులు దులుపుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. మేస్త్రి మెయిన్ స్విచ్ దించగానే ముందుగదిలో కుట్టుమిషన్లు ఆగాయి. ఫ్రిజ్ మూలగడం మానేసింది. ఫ్యాన్లు ఓపికున్నంతసేపు తిరిగి ఊరుకున్నాయి. అత్తగారి గదిలో ఆక్సిజన్ మిషన్ ఒక్కటే తనకేమీ పట్టనట్టు నిమ్మళంగా నడుస్తూనే ఉంది. టెస్టరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళొచ్చిన మేస్త్రి, "అమ్మా, మీ ఇంట్లోకి ఇంకెవరిదో కరెంటు వస్తోంది" అన్నాడు.

ముందు బిత్తరపోయినా, టైలరమ్మ వెంటనే తేరుకుంది. ఇంకెవరిదో ఏమిటి, అది తన ఇన్వర్టరు. అత్తగారి ఊపిరితిత్తులు మొరాయించిన ఏడాదే, అచ్చంగా ఆ గది కోసమని కొనిపెట్టింది. నెల తిరిగేసరికి డిస్టిల్డ్ వాటర్ సీసా పట్టుకుని దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. దుమ్ము పడకుండా మిగులు గుడ్డలతో కుచ్చులు పెట్టి దానికో కవరు కూడా కుట్టింది. కరెంటు ఎన్నిసార్లు పోయినా అత్తగారి మిషన్ ఆగలేదంటే అదంతా దాని చలవేనని, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ టేపు పట్టుకునే చెబుతుంది.

మేస్త్రిని వీధిలో షాకుల మేస్త్రి అంటారు. ఆయన ఎప్పుడూ షాకు తిన్నది లేదు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా గుండె గుభేలుమనే వార్త ఒకటి చెప్పకుండా బయటికి రాడు గనక ఆ పేరొచ్చింది. ఆయన మాట్లాడకుండా వెళ్ళి కుచ్చుల కవరు ఎత్తాడు. బ్యాటరీకి ఉండాల్సిన వైర్లు రెండూ ఎవరో విప్పేసి, కొసలకు నల్లటేపు చుట్టి, బుద్ధిగా పక్కకు మడిచిపెట్టి ఉన్నాయి. ఆ పని ఇవాళా నిన్నా జరిగింది కాదు. టేపు జిగురు కారి దుమ్ము పట్టేసింది.

"నీళ్ళు పోస్తూనే ఉన్నానే" అంది టైలరమ్మ తెల్లమొహం వేసుకుని. పోసిన నీళ్ళు చుక్క తగ్గేవి కాదని, ఇంత పొదుపైన బ్యాటరీ వీధి మొత్తంలో ఎవరికీ లేదని తను మురిసిపోయేదని కూడా చెప్పుకుంది.

"పని చేస్తే కదమ్మా దానికి దాహం వేసేది" అన్నాడు మేస్త్రి.

ఇద్దరూ అత్తగారి గదిలోకి వెళ్ళారు. ఇంటి వెనకభాగమంతా ఆ ఒక్క గదే. మూడిళ్ళు ఒకదానికొకటి అతుక్కుని కట్టిన వరసలో వీళ్ళది నడిమిల్లు కాబట్టి ఆ గదికి రెండు వైపులా పొరుగు గోడలే. ఇటు గోడ మైక్‌సెట్ అద్దెకిచ్చే ఆయనది. అటు గోడ, ఎవరూ ఉండని తాళం వేసిన ఇంటిది. అత్తగారి మంచం మైక్‌సెట్ గోడవైపు. ముక్కుకు గొట్టం పెట్టుకునే ఆవిడ గదిలో నాలుగడుగులు తిరుగుతుంది, గొట్టం అందినంత మేర పెరటి గుమ్మందాకా వెళ్ళి గాలి పీల్చుకుంటుంది, ఈ మధ్య అన్నం కూడా మారు అడిగి గదిలోకే తెప్పించుకుంటోంది. ఊపిరాడని మనిషికి ఇంత ఆకలేమిటని కోడలు వేళాకోళం చేస్తే, మిషన్ పెట్టిన గాలికి అరిగిపోతోందని జవాబు చెప్పేది.

మేస్త్రి మంచం తలవైపు కర్టెన్ పక్కకు జరిపాడు. ఆ కర్టెను కుట్టిందీ మన టైలరమ్మే. దాని వెనక గోడకు ఒక చేంజోవర్ స్విచ్ ఉంది. పిడి పైకి ఉంటే సొంతింటి కరెంటు, కిందికి దించితే ఇంకోచోటి కరెంటు. పిడి కిందికే ఉంది. స్విచ్‌లోకి గోడ కన్నంలోంచి నల్లటి వైరు ఒకటి వస్తోంది, జానెడు జానెడుకూ దానికి పసుపు టేపు ఉంగరాలు చుట్టి ఉన్నాయి. ఒక్క మిషన్‌కి ఇంత లావు వైరెందుకో అని మేస్త్రి తనలో తను గొణుక్కున్నాడు. టైలరమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. ఆవిడ చూపంతా పసుపు ఉంగరాల మీదే ఉంది. సభల్లో, పెళ్ళిళ్ళలో తన వైర్లు వేరేవాళ్ళ వైర్లతో కలిసిపోకుండా అలా పసుపు టేపు చుట్టేది వీధిలో ఒక్కడే. ఆ ఒక్కడికీ ఆవిడకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"అత్తయ్యా, నిద్ర నటించకండి. కాలివేళ్ళు కదులుతున్నాయి."

అత్తగారు కళ్ళు తెరిచింది. గొట్టం సర్దుకుంది. "అయితే తెలిసిపోయిందన్నమాట" అంది.

ఇక దాచేదేముందని, మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ, ఉన్నదంతా చెప్పింది. ఒక వానాకాలం సాయంత్రం కోడలు బడిపిల్లల యూనిఫారాలు అప్పగించడానికి వెళ్ళింది. కరెంటు పోయింది. ఇన్వర్టరు ఒక్క కూత కూసి చచ్చిపోయింది. ఫోను ముందుగదిలో ఉండిపోయింది. అరవడానికి గొంతులో గాలి లేదు. చేతికి అందింది మంచం పక్కనున్న స్టీలు గ్లాసు ఒక్కటే. దాంతో గోడమీద కొట్టింది. కొడుతూనే ఉంది. అవతల మైక్‌సెట్ ఆయన విన్నాడు. వీధిగుమ్మంలోంచి వస్తే ఏమనుకుంటారోనని పెరటిగోడ దూకి వచ్చాడు, కిటికీలోంచి వైరు లాగి మిషన్‌కి ప్రాణం పోశాడు. ఆవిడ మాట్లాడగలిగేదాకా నేలమీద కూర్చుని, దేశంలో ఉన్న కబుర్లన్నీ చెప్పాడు. తర్వాత కోడలు బజారుకు పోయిన వేళ చూసి వచ్చి గోడకు కన్నం పెట్టాడు, స్విచ్ బిగించాడు, చచ్చిన బ్యాటరీ వాసన కొడుతోందని దాని వైర్లు విప్పేశాడు. రెండిళ్ళకూ కరెంటు వేర్వేరు లైన్ల నుంచి వస్తుంది, రెండువైపులా ఒకే వేళ పోదు కాబట్టి పిడి పైకీ కిందికీ ఎప్పుడు తిప్పాలో నేర్పాడు. ఇవాళ బోర్డు పని ఉందని తెలిసి పొద్దున్నే పిడి దించి పడుకుంది అత్తగారు.

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?" అంది టైలరమ్మ.

"అతనే వద్దన్నాడు. నువ్వు ఆ కాగితం మీద మొట్టమొదట సంతకం పెట్టినదానివి కదా."

అదీ కథ. పొద్దున్నే "హలో, మైక్ టెస్టింగ్" అని ఆయన హోరెత్తించేస్తుంటే అత్తగారికి నిద్ర కరువైందని, వీధివాళ్ళని కూడగట్టి ఫిర్యాదు చేసింది టైలరమ్మే. అధికారులొచ్చి పెద్ద స్పీకర్లు ఎత్తుకుపోయారు. పెళ్ళిళ్ళ రోజుల్లో చేతిలో సరుకు లేక ఆయన అల్లాడిపోయాడు. అప్పట్నుంచీ ఇద్దరూ వీధిలో ఎదురుపడితే ఎడమొహం పెడమొహం.

"వద్దనడం ఏమిటి?"

అత్తగారు నవ్వింది. "నేనూ అదే అడిగాను. 'చెబితే ఆవిడ వచ్చి నాకు దణ్ణం పెడుతుందక్కా. నాకు ఆవిడ మీద కోపం ఇంకా తీరలేదు. దణ్ణం పెట్టే మనిషి మీద కోపం ఎలా ఉంచుకోను?' అన్నాడు."

టైలరమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కరెంటు పోయిన ప్రతిసారీ టార్చిలైటు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, అత్తగారి రొమ్ము లేచి పడటం చూసుకుని, ఆ చచ్చిన బ్యాటరీకి మనసులోనే మొక్కి వెళ్ళేది. మొక్కు ఎవరికి చెందాల్సిందో ఇవాళ తెలిసింది. ఆయన గొంతు వినగానే కిటికీ రెక్క ధడాలున వేసిన పొద్దులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా, గోడకు అవతల అలాంటి మనిషి ఉన్నందుకు గుండె నిండిపోయింది. వెళ్ళి అత్తగారి కాళ్ళ దగ్గర మంచం పట్టెమీద కూర్చుంది. ఆవిడ ఉండబట్టే తను ఈ ఇంట్లో కోడలిగా కాక కూతురిగా బతికింది, ఆ మనిషిని ఇంతకాలం నిలబెట్టింది గోడలోంచి వచ్చిన ఒక నల్లవైరు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆయనకు పేరు నిలబెట్టుకోవాల్సిన సమయం వచ్చింది.

ఆయన చెప్పింది ఇదీ. సోలార్ అంటే కరెంటు ఇంట్లోకి రావడమే కాదు, ఇంట్లోంచి బయటికి పోవడం కూడా. రెండిళ్ళ కరెంటు ఇలా ఒకేచోట కలిసి ఉంటే, ఎప్పుడో ఆ స్విచ్ లోపల అరిగిపోయి రెండూ అంటుకుంటే చాలు, స్విచ్ కట్టేశాం కదా అన్న ధీమాతో అవతలింట్లో వైరు ముట్టుకున్నవాడు మళ్ళీ లేవడు. ఈ లైను ఉండగా కొత్త బోర్డు తన చేత్తో ఆన్ చెయ్యనన్నాడు. తీసేస్తే పోయె, రేపు పలకలొచ్చాక కరెంటు పోయినా మా కరెంటు మాకుంటుంది కదా అని టైలరమ్మ అంటే, ఉండదన్నాడు. బ్యాటరీ లేని సోలార్, వీధిలో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కినవాడికి షాకు కొట్టకుండా దాన్ని అలాగే చేస్తారు.

టైలరమ్మ ఇన్నాళ్ళూ కలలు కన్నది దీనికోసమే. కుట్టుమిషన్లు నాలుగూ ఒకేసారి నడవాలన్నది పైకి చెప్పుకున్న మాట. అత్తయ్య ఊపిరి ఎవరి దయమీదా ఆధారపడకూడదన్నది లోపలి మాట. పలకలు తగ్గించి ఆ సొమ్ముతో మంచి బ్యాటరీ పెట్టించమంది. మిషన్లు రెండే నడిస్తే రెండే నడుస్తాయంది. మేస్త్రి అది కుదురుతుందన్నాడు. కాకపోతే ఆ బ్యాటరీ పలకలతోపాటే వస్తుంది, అందాకా అత్తగారికి కరెంటు పోతే దిక్కులేదు.

"ఆ లైను తియ్యొద్దమ్మాయ్" అంది అత్తగారు ఉన్నట్టుండి. ఆవిడ కళ్ళు ఎందుకో అటు గోడకు ఆనించిన అల్మైరా మీదికి పోయి తిరిగొచ్చాయి. భయపడుతోంది కాబోలనుకుని కోడలు ఆవిడ చెయ్యి నొక్కింది.

మైక్‌సెట్ ఆయన ఇంటి ముందుగదిలో స్పీకర్లు గోడకు ఆనించి పేర్చి ఉన్నాయి. చుట్టలు చుట్టిన వైర్లు మేకులకు వేలాడుతున్నాయి. ఆయన నేలమీద కూర్చుని గరాటులాంటి మైకు ఒకటి విప్పి తుడుస్తున్నాడు. గుమ్మంలో టైలరమ్మను చూసి లేవబోయి, కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"అక్క చెప్పేసిందా?"

"మీ పసుపు టేపు చెప్పింది బాబాయ్‌గారూ."

ఆయన నాలుక కరుచుకున్నాడు. టైలరమ్మ దారిలో కూర్చుకున్న మాటలన్నీ మింగేసింది. దణ్ణం పెట్టబోయిన చేతుల్ని కొంగు చివర్లో చుట్టేసుకుంది.

"నేను దణ్ణం పెట్టడానికి రాలేదు. మీ కోపం మీ దగ్గరే ఉంచుకోండి. ఆ లైను ఇవాళ తీసెయ్యాలట. మీరిచ్చింది ఇంకొకరు కత్తిరిస్తే నాకు మనసొప్పదు. మీ చేత్తోనే మీరు తీసుకోండి."

ఆయన మైకు తుడవడం ఆపాడు. "మరి అక్క ఊపిరి?" అన్నాడు. ఆవిడ ఉన్నమాట చెప్పింది. ఆయన లేచి మూలకు వెళ్ళి, ఆటోకి మైకు కట్టినప్పుడు వాడే బ్యాటరీ ఒకటి భుజానికెత్తుకున్నాడు. కొత్తది వచ్చేదాకా ఇది మీ ఇన్వర్టరుకు తగిలించుకోండని, ప్రచారాల పని ఇప్పట్లో లేదని, ఆవిడ మొహం చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పాడు.

నడిమింటి గుమ్మం దగ్గరికొచ్చాక ఆయన కాళ్ళు ఆగిపోయాయి. ఈ ఇంట్లోకి ఎన్నోసార్లు వచ్చాడు గానీ, ఈ గుమ్మంలోంచి వచ్చి ఎంతకాలమైందో. టైలరమ్మ పక్కకు తప్పుకుని నిలబడింది.

"మీ స్పీకర్లకు కవర్లు చిరిగిపోయాయి. రేపు కొలతలు తీసుకుంటాను" అంది.

"కవర్లు కావాలని నేనడిగానా?"

"అడగలేదు. నేను కరెంటు అడిగానా?"

ఆయన బ్యాటరీ దించుతుంటే మీసాల కింద నవ్వు తప్పించుకుంది.

మధ్యాహ్నమంతా పని సాగింది. గోడమీంచి చెక్క బోర్డు ఊడి వచ్చింది. దాని చోట ఇనప డబ్బా ఎక్కింది, అందులో స్విచ్చులు వరసగా కూర్చున్నాయి, సోలార్ కోసం ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. మీటరు నుంచి కొత్త వైరు, నేలలోకి కొత్త ఎర్తు వేశారు. మేస్త్రి ఒక్కొక్క స్విచ్ ఏ గదిదో చెబుతుంటే, టైలరమ్మ గుడ్డమీద గీతలు గీసే సుద్దతోనే పక్కన గోడమీద రాసుకుంది. మిషన్లు, వంటిల్లు, ముందుగది. అన్నిటికన్నా పైన 'అత్తయ్య' అని రాసింది. మైక్‌సెట్ ఆయన మేస్త్రికి పనిముట్లు అందిస్తూ, ఈ లావు వైరు సంగతి తనకూ అంతుబట్టలేదని, ఈమధ్యే అక్క పాత సన్నవైరు తీసేయించి ఇది వేయించుకుందని, మిగిలిన చుట్ట కూడా తన దగ్గరే ఉంచేసుకుందని, ఎందుకో అడిగితే మాట దాటేసిందని చెప్పాడు.

అన్నీ అయ్యాక మైక్‌సెట్ బ్యాటరీని ఇన్వర్టరుకు తగిలించారు. కుచ్చుల కవరు కింద ఆకుపచ్చ దీపం వెలిగింది. మేస్త్రి అత్తగారి మిషన్‌ను దానిమీదికి మార్చాడు. మిషన్ ఒక్కసారి దగ్గి, మళ్ళీ తన దారిన తను నడిచింది. మైక్‌సెట్ ఆయన తనవైపు ఫ్యూజు తియ్యడానికి ఇంటికి వెళ్ళాడు. తీసేముందు చెబుతానన్నాడు. ఎలా చెబుతాడో ఎవరికీ తట్టలేదు. కాసేపటికి వీధి వీధంతా అదిరేలా, అద్దాలు గలగలలాడేలా వినిపించింది.

"హలో... హలో... అక్కా, తీసేస్తున్నాను."

టైలరమ్మ చెయ్యి అలవాటు కొద్దీ కిటికీ రెక్కమీదికి పోయింది. మూసేదల్లా ఆగి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఆ గొంతు ఇంత ఇంపుగా ఉంటుందని ఆవిడకు ఇదివరకు తెలియదు.

మేస్త్రి టెస్టరు పెట్టి చూశాడు. నల్లవైరులో కరెంటు లేదు. వెళ్ళి కొత్త బోర్డు ఆన్ చేశాడు. ఫ్యాన్లు కదిలాయి, ఫ్రిజ్ మూలగడం మొదలుపెట్టింది, ముందుగదిలో మిషన్ల దీపాలు వెలిగాయి. అత్తగారి మిషన్ ఎక్కడా తొణకలేదు. మేస్త్రి అలసటగా నవ్వి, ఇక ఈ ఇంట్లో తను చెప్పాల్సిన షాకు వార్తలేవీ మిగల్లేదన్నాడు.

అప్పుడు గోడమీద చప్పుడైంది. టక్, టక్, టక్.

"అయిపోయింది బాబాయ్‌గారూ, ఇంక కొట్టకండి" అంది టైలరమ్మ నవ్వుతూ. అంటూ వెనక్కి తిరిగిన మనిషి అలాగే నిలబడిపోయింది. మైక్‌సెట్ ఆయన గుమ్మంలోనే ఉన్నాడు, విప్పుకొచ్చిన ఫ్యూజు చేతిలో పట్టుకుని.

చప్పుడు మళ్ళీ వచ్చింది. ఇటు గోడ నుంచి కాదు. అల్మైరా వెనకనుంచి, తాళం వేసిన ఇంటి గోడ నుంచి. ఈసారి ఆగకుండా, ఒకదాని మీదొకటిగా. మేస్త్రి వంగి టార్చిలైటు వేశాడు. పసుపు ఉంగరాల నల్లవైరు స్విచ్ దగ్గర ఆగిపోలేదు. గోడ అంచు వెంట పాక్కుంటూ అల్మైరా వెనక్కి పోయి, ఇంకో కన్నంలో దూరింది.

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. స్టీలు గ్లాసు తీసుకుని, గొట్టం అందినంత మేర నడిచి వెళ్ళి, అటు గోడమీద మెల్లగా తిరిగి కొట్టింది. తర్వాత కోడలివైపు చూసింది.

"అమ్మాయ్, ముందు ఆ పిల్లకి కరెంటివ్వు. నన్ను తిట్టడం తర్వాత."